తెలియక తాగిన చిప్ప

కెనడా పడమటి కొసన సూమస్ చెరువు తన పాత చోటు వెతుక్కుంటూ తిరిగొచ్చిన ఏడాది ఉంది కదా, దాని తరువాత మూడో ఏడు అది. అబ్బట్స్‌ఫర్డ్ వైపు జనానికి ఇప్పటికీ ఏ సంగతికైనా ఆ వరదే గుర్తు. పెళ్ళి వరదకి ముందా తరువాతా అంటారు, పిల్లాడు వరదకి ముందు పుట్టాడా తరువాతా అంటారు. నూరేళ్ళ కిందట ఆ చెరువుని ఎండగట్టి పొలాలు చేశారు. మనుషులు మరిచారు గానీ చెరువు మరవలేదు. ఒక నవంబరులో వాన పట్టుకుని వదల్లేదు. ఆవులు పడవల వెంట ఈదాయి. జ్ఞానేంద్ర కౌలుకి చేస్తున్న బ్లూబెర్రీ తోట నీళ్ళకింద కనపడకుండా పోయింది. ఆ తరువాత ఆయన మళ్ళీ మట్టి జోలికి పోలేదు. అక్కడికి దగ్గరి సర్రీ పట్నంలో స్కూలు బస్సు తోలుకుంటున్నాడు.

కథకి ముడి ఎక్కడ పడిందో కూడా చెప్పుకోవాలి. విమానం ఎక్కేవాళ్ళ మీద కొత్త పన్ను వేయాలా వద్దా అని పార్లమెంటు కమిటీ ఒకటి ఊరూరా తిరిగి జనం మాట వింటోంది. ఏడాదిలో మొదటిసారి పోయి వచ్చేవాడికి పన్ను లేదు. రెండోసారికి కొంత, మూడోసారికి ఇంకాస్త, ఎక్కేకొద్దీ పెరుగుతూ పోతుంది. విమానం విడిచే పొగకి ఎండలూ వరదలూ సముద్రం పొంగూ ముదురుతున్నాయి కనక, వసూలైనది మునిగినవాళ్ళకి చేరాలని దాని ఉద్దేశం. సర్రీ వంతు గురువారం ఉదయం పదింటికి వచ్చింది. తెలుగు సంఘం తరఫున నిలబడి ‘ఈ పన్ను మాకొద్దు’ అని చెప్పవలసింది జ్ఞానేంద్ర అని కిందటి ఆదివారం హాలంతా చేతులెత్తింది. ఆయన ‘సరే’ అన్నాడు. జ్ఞానేంద్ర సరే అన్నాడంటే ఇక దానికి తిరుగు లేదని సర్రీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

చిక్కేమిటంటే, అదే కమిటీ ముందు ‘ఈ పన్ను కావాలి’ అని చెప్పబోతున్న కావ్యశ్రీ ఆయన ఇంటి బేస్‌మెంట్‌లోనే అద్దెకుంటోంది. ఆదివారం నుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆ అమ్మాయి మెట్లెక్కుతున్న చప్పుడు వినపడితే ఈయన తలుపు దగ్గరికి వేసేవాడు.

బుధవారం సాయంత్రం. బయట వాన. గరాజు తలుపు సగం ఎత్తి ఉంది. లోపల చాప, చాప నడుమ నాలుగు కాళ్ళ కొయ్య గిన్నె, పక్కన కరెంటు హీటరు. జ్ఞానేంద్ర ఎప్పటిలాగే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆయన తాతలు గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి, మద్రాసులో ఓడెక్కి, ఫిజీ దీవుల్లో లబాసా అనే ఊరి చెరుకు తోటల్లో దిగినవాళ్ళు. ఆ దీవుల మనుషుల దగ్గర వాళ్ళకి అబ్బిన అలవాటు నంగోనా. మిరియపు తీగకి చుట్టమైన ఒక మొక్క వేరు అది. దంచి, నీళ్ళలో పిసికి, వడగట్టి, కొబ్బరి చిప్పతో తాగుతారు. కైపు ఎక్కదు. నాలుక మొద్దుబారుతుంది, మనసు నిమ్మళిస్తుంది. సర్రీలో గరాజు ఉన్న ఫిజీ వాడింట్లో ఈ గిన్నె లేకుండా ఉండదు.

ఎదురుగా కోదండరామ్ కూర్చున్నాడు. రాజమండ్రిలో పుట్టి, హ్యూస్టన్‌లో కొన్నాళ్ళు కంప్యూటర్ల ఉద్యోగం చేసి, గ్రీన్‌కార్డు రాక ఇటు వచ్చినవాడు. సంఘానికి కార్యదర్శి. మాటకారి. రేపటి మాటలు జ్ఞానేంద్ర చేత ఒకసారి అనిపించి చూడాలని వచ్చాడు.

“ఎత్తుకోవడమే చావుతో ఎత్తుకోండి,” అన్నాడు. “అయ్యా, విమానం మాకు షికారు కాదు, మావాళ్ళ పాడె మొయ్యడానికి పోతాం, అనండి. కమిటీ నోరు అక్కడే పడిపోవాలి.”

జ్ఞానేంద్ర తల ఊపాడు.

“తల ఊపితే మైకులో వినపడదండీ బాబూ. ఏదీ, ఒకసారి అనండి.”

“రేపు అంటాను.”

“ఇవాళ రానిది రేపెలా వస్తుంది?”

“వస్తుంది.”

గిన్నె దగ్గర నీళ్ళు కలుపుతున్న రోనీ నవ్వాడు. జ్ఞానేంద్ర కొడుకు. ముప్పై దాటినవాడు, ఎయిర్‌పోర్టులో విమానాలకి ఇంధనం పట్టే పని చేస్తాడు. “అంకుల్, డాడ్‌కి రోజుకి ఇన్ని మాటలని కోటా. ఇవాళ్టి స్టాక్ అయిపోయింది.”

“నువ్వు చెప్పవయ్యా మరి. ఈ పన్ను పడితే నీ ఉద్యోగం మీదికి రాదూ?”

“ఫ్లైట్స్ తగ్గితే షిఫ్ట్‌లు తగ్గుతాయి. వస్తుంది. బట్ నన్నెవరు అడుగుతారు?” అని రోనీ చిప్ప ముంచి తండ్రికి అందించాడు.

జ్ఞానేంద్ర పెద్దవాడు కాబట్టి మొదటి చిప్ప ఆయనది. ఆచారంగా ఒక చప్పట కొట్టి, రెండు చేతులతో అందుకుని, ఒక్క గుక్కలో దించాడు. రెండోది, ఇంకో చిప్పతో, కోదండరామ్‌కి.

“చెప్పులు కడిగిన నీళ్ళలా ఉంటుందండీ ఇది, ఎన్నిసార్లు తాగినా,” అంటూనే మొహం చిట్లించి మర్యాదకి తాగాడాయన.

జ్ఞానేంద్ర చిప్ప కింద పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని చూస్తున్నాడు. షాపులో దొరికే పొడి నాలుకని మెల్లగా పట్టుకుంటుంది. ఇది తాకుతూనే పట్టేసింది. అడుగున ఎర్రమట్టి వాసన. ఆ మట్టి ఆయన ఎరిగినది. దాని మీద పాకాడు, పడ్డాడు, దాన్ని దున్నాడు.

“రోనీ. ఏ పాకెట్టు తెరిచావు?”

“పాకెట్ లేదు డాడ్, అయిపోయింది. బెంచీ మీద రూట్స్ ఉన్నాయి కదా, రిబ్బన్ కట్టి. అమ్మ ఇనప రోట్లో సగం దంచేశా. చేతులు పడిపోయాయి. ఫ్రెష్‌గా ఉంది కదా?”

జ్ఞానేంద్ర చిప్పని చాప మీద బోర్లించాడు. గిన్నె ముందు చిప్ప బోర్లించడం రోనీ ఎప్పుడూ చూడలేదు.

“వాట్? ఏమైంది?”

పొడి తాగడం పొద్దుపోవడానికి. వేరు సంగతి వేరు. ఫిజీలో ఒక మనిషి వేరు కట్ట పట్టుకొచ్చి ఎదుట పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని అర్థం. తప్పు కాయమనో, పిల్లనిమ్మనో, గట్టు తగువు తీర్చమనో. తీసుకోకపోతే ఎవరికీ కోపం రాదు, లేచి తన దారిన పోతాడు. తీసుకుని, దంచి, తాగితే మాత్రం అడిగినది చేసి తీరాలి. ఆ అడిగినదేమిటో తాగాక తెలిసినా సరే. దీవి మనుషుల దగ్గర నేర్చుకున్నదే అయినా చెరుకు తోటల తెలుగువాళ్ళు దీన్ని తమ కట్టుబాట్ల కంటే గట్టిగా పట్టుకున్నారు. కోర్టు దూరమైన చోట వాళ్ళకి కోర్టు ఇదే.

ఈ సంగతి జ్ఞానేంద్ర కొడుక్కి నాలుగు ముక్కల్లో చెప్పాడు. రోనీ మొహం పాలిపోయింది.

“మరి నాకెవరు చెప్పారు?” అన్నాడు గట్టిగా. “ఈ ఇంట్లో ఎవరూ ఏదీ చెప్పరు! అన్నీ నేనే గెస్ చేసుకోవాలి!”

“ఎవరు పెట్టారు?”

“బేస్‌మెంట్ మెట్ల పక్క బెంచీ కదా. కావ్య అనుకున్నా.”

కోదండరామ్ ముందు నవ్వాడు. తరువాత నవ్వు ఆపి, జరిగినదాన్ని లోపల కూడుకుని చూసుకున్నాడు. “ఆగండాగండి. అంటే ఆ అమ్మాయి రేపు పన్ను కావాలని చెప్పమంటే మీరు చెప్తారా? వేరుముక్క నీళ్ళ కోసం?”

“మీరూ తాగారు,” అన్నాడు జ్ఞానేంద్ర.

“నేను రాజమండ్రి వాణ్ణండీ. నాకు ఇవి పనిచెయ్యవు.”

జ్ఞానేంద్ర లేచి, బేస్‌మెంటు తలుపు తీసి, “కావ్యా,” అని పిలిచాడు. ఆదివారం తరువాత ఆ పేరు ఆయన నోట రావడం అదే మొదలు.

ఆ అమ్మాయి శాలువా కప్పుకుని, జుట్టు ముడేసుకుంటూ, గబగబా మెట్లెక్కి వచ్చింది. విశాఖపట్నం పిల్ల. ఈయన పిలిచాడని మొహంలో కాస్త వెలుగు. గరాజులో మనుషుల్ని చూడగానే అది తగ్గింది.

“ఈ వేరు నువ్వు పెట్టావా?”

“ఏ వేరు అంకుల్?”

“తెలీనట్టు ఎంత బాగా అడుగుతోందో చూడండి,” అన్నాడు కోదండరామ్. “ఎదురుగా వచ్చి వాదించుకోవచ్చు కదా అమ్మాయ్. దొడ్డిదారి ఎందుకు?”

“కోదండరామ్ గారూ, నాకు అల్లం కొమ్ముకీ దీనికీ తేడా తెలీదు. ఎవరో ఏదో తాగితే నన్నెందుకు అంటారు?”

“మరే. మీరన్నీ తిన్నగా చేసేవాళ్ళు. కిందటి నెల లిస్బన్‌లో వాతావరణం మీటింగుకి వెళ్ళొచ్చారు కదా, నడిచే వెళ్ళారా?”

కావ్యశ్రీ ఒక్క క్షణం ఆగింది. “విమానంలోనే వెళ్ళానండీ. ఈ ఏడాది అది నాకు నాలుగోది. ఈ పన్ను వస్తే ఈ గదిలో ముందు కట్టేది నేనే. కట్టాలనే అంటున్నా.”

“మీరు కడతారు, మీ కంపెనీ ఇస్తుంది. లబాసాలో ఇంకెవరైనా పోతే ఈయనకెవరిస్తారు?”

“మొదటి ప్రయాణానికి లేదు కదండీ!”

“చావులు ఏడాదికి ఒకటి చొప్పున వరస కట్టుకుని వస్తాయా అమ్మా?”

జ్ఞానేంద్ర తల దించుకున్నాడు. ఆ మాట అబద్ధం కాదు. ఆయన ఇంట్లోనే ఒక ఏడు మేనమామా, చెల్లెలి భర్తా ఒకరి వెనక ఒకరు పోయారు. ఆదివారం ఆయన చేత సరే అనిపించింది ఆ సంగతే.

“ఆ పిల్లని నిలబెట్టి ఎందుకు తింటున్నారు?” అని ఇంటి లోపలి తలుపు దగ్గర్నుంచి గొంతు వినపడింది. జమున. చేతిలో అట్లకాడ. “పెట్టింది నేను.”

“నీదా వేరు?” అన్నాడు జ్ఞానేంద్ర.

“నాదెక్కడిది? అక్కది. నిన్న లబాసా నుంచి మన ఊరి మృదుల వచ్చింది కదా, దాని చేత పంపింది. బావగారు నాటిన మొక్కే, పెరట్లోది. ‘మీ ఆయన చేతికియ్యి, వద్దంటే వెనక్కి తీసుకో, బలవంతం లేదు’ అంది. మీరు స్నానం చేసి వచ్చాక ఇద్దామని బెంచీ మీద పెట్టాను. లోపల కూర మాడుతోందని పోయాను. తిరిగొచ్చేసరికి వీడు దంచి కలిపేశాడు.”

“అమ్మా, చెప్పొచ్చు కదా ఆపమని!”

“వచ్చేసరికి మీ నాన్న తాగుతున్నాడురా.”

అక్క అంటే జ్ఞానేంద్ర వదిన. అన్న రాఘవయ్య కిందటేడు పోయాడు. ఆయనకి కొడుకులు లేరు. జ్ఞానేంద్ర విమానమెక్కి వెళ్ళి కొరివి పెట్టి వచ్చాడు. వచ్చినప్పటినుంచీ ఆ ప్రయాణం గురించి ఇంట్లో ఒక్క మాట కూడా చెప్పలేదు. సహజంగానే తక్కువ మాట్లాడే మనిషి కనక ఎవరూ వింత పడలేదు.

“ఏం అడిగిందావిడ?” అన్నాడు కోదండరామ్. జ్ఞానేంద్రకి అడిగే ధైర్యం లేకపోయింది.

జమున మొగుడి వైపు చూస్తూ చెప్పింది. “ఆదివారం మీరు సరే అన్న సంగతి నేనే ఫోన్లో చెప్పాను. బావగారిని దహనం చేసిన రోజు ఈయన కళ్ళతో ఏం చూశారో, అది ఆ కమిటీ వాళ్ళ ముందు చెప్పమంది. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు, చూసింది చూసినట్టు చెప్తే చాలంది.”

“ఏం చూశారేంటి?”

“అక్క నాకు ఫోన్లో చెప్పింది,” అంది జమున. గొంతు తగ్గించింది. “మీ నోటితో చెప్తారేమోనని ఏడాదిగా చూస్తున్నాను. చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

జ్ఞానేంద్ర మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. బోర్లించిన చిప్పని తిప్పి వెల్లకిలా పెట్టాడు. మళ్ళీ బోర్లించాడు.

“ఏటి మొగ దగ్గర మా కాటి దిబ్బ,” అన్నాడు. “మా తాతని అక్కడే కాల్చారు. నాయన్నీ అక్కడే. దిబ్బ కింద రేవు ఉండేది, రేవు అవతల మడ చెట్లు, ఆ అవతల ఎక్కడో సముద్రం. చిన్నప్పుడు సముద్రం చూడాలంటే చెట్టెక్కాలి.”

ఆగాడు. చిప్పని పక్కకి జరిపాడు.

“అన్నని చెరుకు లారీ మీద తీసుకెళ్ళాం. వెళ్ళేసరికి పోటు వేళ. దిబ్బ మీద మోకాలి లోతు నీళ్ళు. సిమెంటు దిమ్మ ఒక్కటే కనపడుతోంది. పంతులు అన్నాడు, ఇప్పుడింతే, శవాన్ని ఇంటి దగ్గర లేపేముందు ఆటుపోట్లు చూసుకోవాలని. నాకు తెలీదు. ఊళ్ళో వాళ్ళకి అలవాటైపోయింది. రోడ్డు మీద లారీ ఆపుకుని, అన్నని ఎండలో పెట్టుకుని, నీళ్ళు దిగేదాకా కూర్చున్నాం. వదిన గొడుగు పట్టుకుంది ఆయన మొహం మీద.”

కావ్యశ్రీ మెట్టు మీద కూర్చుంది.

“దిగాక పేర్చాం. అడుగు కట్టెలు తడి. కిరసనాయిలు పోశాం. అంటుకుంది, కానీ కాలలేదు. మాంసం కాలడానికి టైం పడుతుంది కదా. ఈలోగా మళ్ళీ పోటు మొదలైంది. నీళ్ళు వచ్చి చితి అడుగు పట్టుకున్నాయి. బుస్సుమంది. మేమంతా వెనక్కి నడిచాం. ఏం చేస్తాం. చూస్తూ నిలబడ్డాం. తెల్లారి అస్థికలు ఏరడానికి వెళితే ఏమీ లేదు. దిమ్మ కడిగినట్టు ఉంది.”

“నాన్నా,” అన్నాడు రోనీ. డాడ్ అనలేదు.

“ఇక్కడికొచ్చాక అందరూ అడిగారు, అస్థికలు కలిపావా అని. తల ఊపాను. నేను కలపలేదు. అదే వచ్చి పట్టుకుపోయింది.”

ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం జమున కూడా వినలేదు. అట్లకాడ పట్టుకున్న చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది.

కోదండరామ్ తన చిప్ప చాప అంచున పెట్టాడు. చెడ్డవాడు కాదు. వరద నాడు దారులన్నీ తెగి లారీ డ్రైవర్లు రోడ్ల మీద ఇరుక్కుపోతే, సంఘం హాలు తెరిచి అన్నం వండించినవాడు ఆయనే. కానీ కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

“జ్ఞానేంద్ర గారూ, ఒక్క మాట. తప్పుగా అనుకోవద్దు. ఆ చితికి మీరు కొరివి ఎలా పెట్టారు? ఈదుకుంటూ వెళ్ళారా?”

“కోదండరామ్ గారూ!” అంది కావ్యశ్రీ.

“నువ్వుండమ్మా. ఆయన్ని అడుగుతున్నా. విమానం ఉంది కనకే కదా వెళ్ళారు? చెప్పండి రేపు, ఇదంతా చెప్పండి. నేనూ చెప్పమనే అంటా. చెప్పి, అందుకే మాకు విమానానికి అడ్డం లేకుండా ఉండాలి అనండి. వదిన గారి మాటా దక్కుతుంది, సంఘం మాటా దక్కుతుంది.”

జ్ఞానేంద్ర తల అడ్డంగా ఆడించాడు. “ఆ నీళ్ళ సంగతి చెప్పిన నోటితో ఆ మాట రాదు.”

“ఎందుకు రాదు?”

“మా వదిన ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఆవిడ ఇంటికే ఎందుకొచ్చాయి ఆ నీళ్ళు?”

“మీ ఒక్కరి టిక్కెట్టుతో వచ్చిందా సముద్రం?”

“ఒక్కరి కట్టెతో చితి కాలదు. అందరూ తలో కట్టె వెయ్యాలి. నేనూ వేశాను.”

కోదండరామ్ లేచి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. నంగోనాకి నాలుక మొద్దుబారి మాట కాస్త ముద్దగా వస్తోంది గానీ కోపం మాత్రం తిన్నగానే ఉంది.

“వేలు పెట్టనిస్తే చెయ్యి దూరుస్తారండీ వీళ్ళు. ఇవాళ రెండోసారికి అంటారు, ఎల్లుండి మొదటిసారికీ అంటారు. తరువాత డబ్బున్నవాడే ఎక్కుతాడు, మనలాంటివాడు ఇంట్లో కూర్చుని ఏడుస్తాడు. కరోనా ఏడు విమానాలు ఆపేశారే, మా అమ్మ పోయింది. తెలుసా మీకు? ఆఫీసు టేబులు మీద ఫోను నిలబెట్టుకుని చూశా. మధ్యలో బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ వచ్చేసరికి మంటలు. అమ్మ మొహం చివరిసారి చూడలేదు నేను. మనిషికీ విమానానికీ మధ్య ఎవడు చెయ్యి అడ్డం పెట్టినా ఆ చెయ్యి విరిచేస్తా.”

ఇది సంఘంలో ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి ఆయన ప్రతి మీటింగులోనూ మాట్లాడాడు. ఈ ఒక్కటి తప్ప.

కావ్యశ్రీ గొంతు తగ్గించి, “అయాం సారీ అండీ, నాకు తెలీదు,” అంది.

“తెలియాలనీ లేదు.” చెప్పులు తొడుక్కుంటూ ఆయన జ్ఞానేంద్ర వైపు తిరిగాడు. “ఫిజీ వాళ్ళూ మనవాళ్ళేనా, వాళ్ళకి తెలుగెక్కడిది అని మావాళ్ళు గొణిగిన రోజుల్లో, ఆయన మాట మీద నిలబడే మనిషిరా అని చెప్పి సంఘాన్ని కలిపా. మీ మాట చూపించి కలిపా. రేపు పదింటికి ఆ మాట తప్పితే హాలు రెండు ముక్కలవుతుంది. వేరుముక్క నీళ్ళకోసం అని నవ్వుతారు. తెలియక తాగారు కదా, తెలియక తాగింది లెక్కేమిటి?”

“నిప్పు తెలిసి తొక్కినా కాలుతుంది, తెలియక తొక్కినా కాలుతుంది.”

“సామెతలు బావుంటాయి. పదింటికి,” అని కోదండరామ్ సగం ఎత్తిన తలుపు కింద నుంచి వంగి వానలోకి వెళ్ళిపోయాడు.

కారు వెళ్ళిన చప్పుడు తగ్గాక కావ్యశ్రీ అంది, “అంకుల్, నా కోసమైతే వద్దు. నేను నా మాటలు చెప్పుకుంటా. మీరు సంఘం మాటే చెప్పండి. హాలు విడిపోవద్దు.”

“నీ కోసం కాదు.”

“ఆయన అడిగింది కూడా నిజమే. చావులు వరస కట్టవు. చావుకి పోయేవాళ్ళని వదిలెయ్యాలని రేపు నేనూ అడగాలి. ఇంతవరకూ తట్టలేదు నాకు.”

“అడుగు,” అన్నాడు జ్ఞానేంద్ర. “గట్టిగా అడుగు.”

లోపల ఫోన్ మోగింది. జమున వెళ్ళి, చెవికి పెట్టుకునే తిరిగొచ్చింది. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి చెప్పింది. “అక్క. ‘చెప్పాడా’ అని అడుగుతోంది. అక్కడ అప్పుడే గురువారం కదా. సముద్రం మధ్యలో రోజు మారే గీత ఉందని, ఇక్కడింకా బుధవారమేనని మరిచిపోయింది. మీరు చెప్పేసి ఉంటారనుకుంటోంది.”

జ్ఞానేంద్ర ఫోన్ అందుకోలేదు. చేత్తో ‘ఉండమను’ అన్నట్టు సైగ చేశాడు. ఆవిడ గొంతు వింటే ఏం ఒప్పుకుంటాడో ఆయనకే తెలియదు. ఒకే నోటితో రెండు మాటలు ఇచ్చి కూర్చున్నాడు. ఒకటి ఆదివారం తెలిసి ఇచ్చినది, ఒకటి ఇవాళ తెలియక ఇచ్చినది. ఏది నిలబెట్టినా రెండోది కూలుతుంది. అరవై దాటిన ఈ వయసు దాకా ఆయన దగ్గర ఉన్న ఆస్తి ఆ నోరొక్కటే. తోట వరదలో పోయింది, దిబ్బ పోటులో పోయింది. ఇది మిగిలింది.

రోనీ గిన్నెలో మిగిలినది పారబోయబోతే, “ఉండనీ,” అన్నాడు. “దంచనిది ఎంత మిగిలింది?”

“సగం ఉంది.”

“రిబ్బను?”

“రిబ్బన్ కూడా ఉంది. ఎందుకు?”

జవాబు రాలేదు. రోనీ ఎదురు చూడనూ లేదు. రిబ్బను వెతికి, వేరు పక్కన పెట్టి, లోపలికి పోయాడు.

తెల్లారి జ్ఞానేంద్ర చేసిన పని ఇదీ.

బస్సుకి సెలవు చెప్పాడు. తలంటుకున్నాడు. అన్న దహనానికి వేసుకున్న తెల్లచొక్కానే జమునని అడిగి తీయించుకున్నాడు. మిగిలిన వేరుని లబాసా నుంచి చుట్టి వచ్చిన పాత పేపర్లోనే మళ్ళీ చుట్టి, రిబ్బను కట్టాడు. జమున ఎక్కడికని అడగలేదు. కాఫీ ఇస్తే వద్దన్నాడు. వేరు పట్టుకుని పోయే మనిషి పరగడుపున పోవాలి. కమిటీ కూర్చునే హాలు ఎడమ వైపు. ఆయన కారు కుడికి తిప్పాడు.

కోదండరామ్ ఇంటి ముందు మేపుల్ చెట్టు ఆకులన్నీ రాల్చి తడిగా నిలబడి ఉంది. జ్ఞానేంద్ర బెల్లు కొట్టి, మెట్లు దిగి, వానలో నేల మీద నిలుచున్నాడు. అడగడానికి వచ్చినవాడు గడప ఎక్కడు. తలుపు తీసింది కోదండరామ్ భార్య మీనాక్షి. “అయ్యో, తడుస్తున్నారేంటండీ, లోపలికి రండి!” అంది. ఆయన కదల్లేదు. ఆవిడ వెనక్కి తిరిగి మొగుణ్ణి పిలిచింది.

కోదండరామ్ కోటు తొడుక్కుని, టై కట్టుకుని, బయల్దేరడానికి సిద్ధంగా వచ్చాడు. ముందు మనిషిని చూశాడు. తరువాత చేతుల్లోని కట్టని చూశాడు.

జ్ఞానేంద్ర రెండు చేతులతో వేరుని ఎదురుగా పట్టుకున్నాడు. పేపరు మీద వాన పడి అక్షరాలు నీరుగారుతున్నాయి.

“దంచనక్కర్లేదు,” అన్నాడు. “మీరు రాజమండ్రి వారు. చేతిలోకి తీసుకుంటే చాలు.”

“తీసుకుంటే?”

“ఆదివారం ఇచ్చిన మాట నాకు తిరిగొచ్చినట్టు. వెళ్ళి చూసింది చెప్తాను. మీ అమ్మ సంగతి కూడా చెప్పమంటే చెప్తాను. చావుకి పోయేవాణ్ణి ఆపొద్దని చెప్తాను.”

“తీసుకోకపోతే?”

“పదింటికి మీరు చెప్పమన్నదే చెప్తాను. పొల్లు పోకుండా. ఆ తరువాత ఈ జన్మలో గిన్నె ముందు కూర్చోను.” కాస్త ఆగి, “ఆలోచించుకుని తీసుకోండి. నేను నిన్న తెలియక తాగాను. మీరు తెలిసి తీసుకోవాలి,” అన్నాడు.

మీనాక్షి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు గానీ, మొగుడి చెయ్యి పట్టుకోబోయి ఆగింది.

కోదండరామ్ జేబుల్లో చేతులు పెట్టుకుని గడప దాటాడు. ఒక మెట్టు దిగాడు. ఇంకో మెట్టు దిగాడు. వాన ఆయన కోటు మీద పడుతోంది. ఎదురుగా జ్ఞానేంద్ర చాచిన రెండు చేతులూ కిందికి దిగడం లేదు.

కోదండరామ్ చేతులు ఇంకా జేబుల్లోనే ఉన్నాయి.